పుట్టనివారి పక్షాన నిలిచేదెవరు?

నష్టపోయినవాడు న్యాయస్థానం ముందు నిలిచి తన గోడు వినిపించుకోవాలి. అప్పుడే విచారణ మొదలవుతుంది. ఇది న్యాయశాస్త్రానికి చిరపరిచితమైన సూత్రం. కాని ఒక తరం చేసిన అపచారానికి ఫలితం అనుభవించవలసినవారు ఇంకా జన్మించనే లేదనుకుంటే వారి తరఫున ఫిర్యాదు చేసేదెవరు? జీవించి ఉన్నవారు వారికి ఋణపడి ఉన్నారా? ఉంటే ఆ ఋణం కేవలం నైతికమా, చట్టబద్ధమా? భూతాపం పెరుగుతున్న ఈ కాలంలో ఐరోపా న్యాయస్థానాలు తప్పించుకోలేకపోతున్న ప్రశ్న ఇది.

2024 ఏప్రిల్ 9న స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఈ విషయంపై వేర్వేరు నిర్ణయాలను ఒకే రోజున వెలువరించింది. రెండువేలమందికి పైగా వృద్ధ మహిళలు సభ్యులుగా గల స్విట్జర్లాండ్ సంఘం ఒకటి, వేడిగాలుల నుంచి తమను కాపాడటంలో ప్రభుత్వం విఫలమైందని వాదించి గెలిచింది. పోర్చుగల్‌కు చెందిన ఆరుగురు యువజనులు అనేక ప్రభుత్వాలపై వేసిన ఫిర్యాదు మాత్రం విచారణార్హం కాలేదు. ఇతర దేశాలపై వారికి ఆ న్యాయస్థానంలో అధికార పరిధి లభించలేదు; స్వదేశంలోని న్యాయస్థానాలను వారు ముందుగా ఆశ్రయించలేదు. కారణాలు చట్టం దృష్టిలో సబబైనవే. అయినా జీవితసంధ్యలో ఉన్నవారు గెలిచి, ముందు సుదీర్ఘ జీవితం ఉన్నవారు వెనుదిరగడం ఆలోచింపజేస్తుంది. ఇంకా పుట్టనివారైతే ఆ గుమ్మం వరకూ రాలేరు.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021లో మరొక మార్గం వెదికింది. 2030 తరువాత కర్బన ఉద్గారాలను ఎట్లా తగ్గించాలో చట్టం తగినంతగా నిర్దేశించనందున, ఆ భారమంతా రేపటిపై పడి, నేటి యువకుల స్వేచ్ఛ అప్పుడు కుంచించుకుపోతుందని తీర్పు చెప్పింది. అయితే ఇంకా జన్మించనివారికి ప్రాథమిక హక్కులు ఇప్పుడే ఉన్నాయని అనలేదు. వారిపట్ల రాజ్యానికి బాధ్యత ఉన్నదని మాత్రమే అన్నది. హక్కుదారు లేని బాధ్యత! తర్కానికి ఇది కొంత వింతగా తోచవచ్చు.

దక్షిణాసియా సంప్రదాయానికి ఈ భావన కొత్తది కాదు. డాన్యూబు నదిపై ఆనకట్టల విషయమై హంగరీ, స్లొవేకియాల మధ్య తలెత్తిన వివాదంలో 1997లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పినపుడు, శ్రీలంకకు చెందిన న్యాయమూర్తి వీరమంత్రి తన ప్రత్యేక అభిప్రాయంలో ప్రాచీన సింహళ సేద్యపు చెరువులను ప్రస్తావించారు. మహేంద్ర భిక్షువు లంకాధిపతికి చేసిన ఉపదేశాన్ని స్మరించారు. భూమి ప్రజలదీ, సకల ప్రాణులదీ. రాజు దానికి కావలివాడే గాని యజమాని కాడన్నది ఆ ఉపదేశ సారం.

భారతదేశంలో ధర్మకర్త అన్న మాటలోనూ ఈ అర్థమే ఉంది. దేవాలయపు మాన్యం ధర్మకర్తది కాదు. ఫలసాయానికి అతడు లెక్క చెప్పాలి. దేవతామూర్తి స్వయంగా మాట్లాడజాలదు. అయినా చట్టం ఆ మూర్తిని న్యాయపరమైన వ్యక్తిగా గుర్తించింది. బెంగాలులోని ఒక కుటుంబ విగ్రహ వివాదంలో 1925లో ప్రివీ కౌన్సిల్, విగ్రహం తరఫున మాట్లాడటానికి స్వార్థం లేని ప్రతినిధి ఉండాలని భావించింది. నోరులేనివారికి గొంతు కల్పించటం న్యాయశాస్త్రానికి అసాధ్యం కాదనటానికి ఇది నిదర్శనం.

అయితే ఆక్షేపణ బలమైనదే. రేపటివారి పేరు చెప్పి ఎవరైనా తమ అభిప్రాయాన్ని రుద్దవచ్చు. 2024 జూన్‌లో స్విస్ పార్లమెంటు ఉభయసభలు స్ట్రాస్‌బర్గ్ తీర్పుపై అసమ్మతి ప్రకటించాయి. ప్రజలెన్నుకున్న సభల అధికారంలో న్యాయమూర్తులు జోక్యం చేసుకున్నారని వాటి భావం. అంతకంటె తీవ్రమైనది పేదల ప్రశ్న. ఇంట దీపం లేని నేటి బిడ్డను కాదని రేపటి బిడ్డకు వెలుగు దాచటం ధర్మమవుతుందా? 2024లో భారత సర్వోన్నత న్యాయస్థానం వాతావరణ మార్పుల దుష్ఫలితాలనుంచి రక్షణ పొందటం రాజ్యాంగ హక్కేనని గుర్తించిన సందర్భం కూడా ఇట్టి సంకటమే. అంతరించిపోతున్న బట్టమేక పక్షిని విద్యుత్తు తీగలనుంచి కాపాడాలి. సౌరవిద్యుత్తు విస్తరణా ఆగరాదు. రెండు మంచి పనుల నడుమ న్యాయస్థానం సమతూకం వెదకవలసి వచ్చింది.

ఈ ఆక్షేపణలు ధర్మకర్త బాధ్యతకు హద్దులు గీస్తాయి గాని దానిని రద్దు చేయవు. ఆకలి తీర్చుకోవటానికి విత్తనపు గింజలు తిన్న రైతునూ, విలాసం కోసం వాటిని అమ్ముకున్నవాడినీ లోకం ఒకే విధంగా నిందించదు. దేశాల మధ్య కూడా ఈ వివక్ష అవసరం. వనువాటు అనే చిన్న ద్వీపదేశం చొరవతో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అడిగిన ప్రశ్నలకు అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జూలై 23న ఏకగ్రీవంగా సమాధానమిస్తూ, వాతావరణాన్ని కాపాడటం రాజ్యాలకు చట్టబద్ధమైన విధి అని స్పష్టం చేసింది. అది సలహా మాత్రమే. అమలు చేయించే భటులెవరూ లేరు. పుట్టనివారు వోటు వేయలేరు, ఊరేగింపు తీయలేరు, వకాల్తా ఇవ్వలేరు. లెక్క అడిగేవాడు ఎదుట లేకపోయినా లెక్క సరిగా రాసి ఉంచటమే ధర్మకర్త ధర్మం.