మోషే అడిగిన తోడు
(ధ్యానము: నిర్గమకాండము 4:10–16)

ప్రియులారా, మోషే తన నోటి మాంద్యమును దాచుకొనక దేవునితో చెప్పుకొనెను. వెళ్లనన్నందుకు దేవునికి కోపము వచ్చెను. అయినను అహరోనును తోడిచ్చెను. మోషే నోరు మారలేదు, పని ఆగలేదు.

నేడు మన సంఘపు బిడ్డలలో డిస్లెక్సియా గలవానికి అక్షరములు తడబడును. నోట చెప్పిన పని చక్కగా చేయును. ఆటిజం గల యొకామెకు ఆఫీసు గోలలో మనస్సు నిలువదు. నెమ్మదిగల మూల బల్ల వేసిన లెక్క తప్పదు. ఇది సోమరితనము కాదు. బిడ్డా, "పని వద్దు" అనకుము. "ఇట్లయిన చేయగలను" అని అధికారితో ధైర్యముగా చెప్పుము. ప్రభుత్వ కార్యాలయములు వికలాంగులైన ఉద్యోగులకు తగిన సదుపాయము చేయవలెనని 2016 నాటి చట్టమే విధించినది.

అధికారివైన సహోదరుడా, అతడు నోరు తెరచిన దినమున నీవు అహరోనువగుదువా, అడ్డుగోడవగుదువా?