తాగుబోతు అన్న పేరు

జ్వరం వచ్చిన మనిషిని మనం ‘జ్వరపోతు’ అనం. తాగుడు పట్టినవాడికి మాత్రం వెంటనే తాగుబోతు అని పేరు పెట్టేస్తాం. ఆ పేరు పడ్డాక అతడు ఎవరి కొడుకో, ఏ పనిలో చేయి తిరిగినవాడో, పండుగనాడు డప్పు ఎంత బాగా కొట్టేవాడో ఎవరికీ గుర్తుండదు. తండాలోనైనా గూడెంలోనైనా ఇదే తీరు. ఇది న్యాయమేనా అని అడిగితే, “తాగమని మేం చెప్పినమా? వాని చేతులతోని వాడే తాగిండు” అంటారు. మొదటి గ్లాసు సంగతిలో ఆ మాట నిజమే. పదేళ్ల తర్వాతి గ్లాసుకు కూడా అదే మాట సరిపోతుందా అన్నదే మన ముందున్న ప్రశ్న.

2015 సెప్టెంబరులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు జరిగాయి. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు ఒక్కసారిగా అందకుండా పోయాయి. రోజూ ఆ కల్లు తాగే కూలీలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు వణికిపోయారు, తమలో తాము మాట్లాడుకున్నారు, కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి వార్డులు నిండిపోయాయి. వాళ్లలో చాలామందికి తాము మత్తుమందు మింగుతున్నామనే తెలియదు. తెలియకుండా పట్టుకున్నదాన్ని ‘బుద్ధి లేక’ అని ఎలా అంటాం?

సారాకూ ఇదే లెక్క. ఏళ్ల తరబడి పొద్దున్నే తాగే మనిషి హఠాత్తుగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. మన ఇళ్లలో దాన్ని గాలి సోకిందనుకుంటారు. అందుకే ఒక్కమాట: అయ్యప్ప మాల వేసుకుని తాగుడు మానేద్దామనుకునే వాళ్లు మన తండాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల సంకల్పం గొప్పదే. కానీ బాగా ముదిరినవాడు మాల వేసుకునే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. వణుకు రాకుండా ఆపే మందులున్నాయి.

సరే, ఇది రోగమే అనుకుందాం. అప్పుడు భార్య అడుగుతుంది: “రోగమైతే నా వీపు మీద వాతలు ఎవరివి? పత్తి అమ్మిన పైసలు ఏమైనయ్?” ఆమె ప్రశ్నను దాటేసే ఏ సిద్ధాంతమూ మనకు వద్దు. తాగాలనే ఆ తపన అతని చేతిలో లేకపోవచ్చు. కొట్టిన దెబ్బకు మాత్రం అతడే జవాబుదారీ. చికిత్సకు పోవడమూ అతని బాధ్యతే. రోగం అంటే నేరం మాఫీ అని కాదు. అసహ్యించుకోవడం ఆపి, అడగాల్సింది గట్టిగా అడగడం. ఈ రెండూ కలిసి ఒక ఇంట్లో ఉండగలవని మేము నమ్ముతాం.

ఇక మన సంగతి. ఇప్పపువ్వు ఎండాకాలం మొదట్లో రాలుతుంది. కోయగూడెంలో ఆ సారాకు ఒక రుతువు, ఒక పండుగ, దేవతకు మొదటి చుక్క పోసే మర్యాద ఉండేవి. లంబాడీ తండాలో పుట్టుకకూ పెళ్లికీ చావుకూ దారు ఉండేది. ఇప్పుడు రుతువు పోయింది, బెల్టు షాపు పన్నెండు నెలలూ తెరిచే ఉంటుంది. అయితే పాతకాలమంతా బంగారమని చెప్పడం మాకు ఇష్టం లేదు. నాయక్, కార్‌భారి కూర్చుని పంచాయితీ చేసి, తాగి కొట్టినవాడికి తప్పు కట్టించేవారు. ఆ తప్పు డబ్బుతో మళ్లీ సారా తెప్పించి అందరూ తాగేవారు! దెబ్బలు తిన్న ఆడమనిషి అదంతా దూరం నుంచి చూసేది. కొన్నిచోట్ల ఇప్పటికీ చూస్తోంది.

చట్టాలకు కొదవ లేదు. మత్తు పానీయాలను నిషేధించే దిశగా రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యాన్ని అదుపు చేసే, నిషేధించే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం అంటోంది. ఏటూరునాగారం, తాడ్వాయి గూడేలకు అది వర్తిస్తుంది, మైదాన ప్రాంతపు తండాలకు వర్తించదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూనే సారా దుకాణం మూయించారు. ఆ ఊపుతో 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో మద్య నిషేధమూ వచ్చింది, రెండేళ్లకే 1997లో ఎత్తేశారు. ఖజానాకు అదీ ఒక అలవాటే మరి.

2015 తర్వాత వరంగల్ తండాల్లో గుడుంబా మీద దాడులు ముమ్మరమయ్యాయి. నల్లబెల్లం, పటిక పట్టుకున్నారు, బట్టీలు పగలగొట్టారు. మంచిదే. కానీ భర్త చనిపోయాక గుడుంబా కాచి పిల్లలను చదివించుకున్న ఆడమనిషి మీద కేసు పడింది, తాగే మనిషి మాత్రం సీసా మార్చుకున్నాడు. సరుకును పట్టుకున్నంత చురుగ్గా మనిషిని పట్టించుకోలేదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మిగతా 37 మంది మన ఇళ్లలోనే ఉన్నారు.

టీచర్లకు ఇది మాకన్నా ముందే కనిపిస్తుంది. క్లాసులో నిద్రపోయే పిల్లాడు రాత్రంతా ఇంట్లో గొడవ విని ఉండవచ్చు. సెలవులొస్తే అందరూ సంచులు సర్దుకుంటుంటే, ఆశ్రమ పాఠశాలలో ఒక పిల్ల ఇంటికి పోనంటుంది. ఆ పిల్లను మొండిదనకుండా పక్కకు పిలిచి అడిగితే చాలు, సగం సంగతి బయటపడుతుంది. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ నంబరు బోర్డు మూలన రాసి ఉంచవచ్చు. పురుగుల మందు తాగినవాడిని కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచే ఇళ్లున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. ఇది పిల్లలకు చెబితే వాళ్లే ఇంట్లో చెబుతారు.

అన్నిటికన్నా కష్టమైన రోజు మానేసి తిరిగొచ్చిన తర్వాతి పెళ్లిరోజు. బావమరిది గ్లాసు పట్టుకొస్తాడు. “ఒక్క గుక్క బావా, మా మీద ప్రేమ లేదా?” కాదంటే అలక, తాగితే మూడు నెలల కష్టం గంగపాలు. ప్రేమతో పోసిన గ్లాసే అతన్ని మళ్లీ పడేస్తే, మర్నాడు ‘బుద్ధి మారని తాగుబోతు’ అనేది ఆ బావమరిదే. జారిపడటం ఈ రోగంలో మామూలు. మళ్లీ తీసుకుపోవాలి, అంతే. ఆ గ్లాసులో మంచినీళ్లు పోసి ఇస్తే చుట్టరికం తగ్గుతుందా?

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కొత్తగూడ నుంచో తాడ్వాయి నుంచో అక్కడికి పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ కావాలి, తోడు ఒకరుండాలి. పంచాయితీలో కట్టించే తప్పు డబ్బు ఇంకా మన పెద్దల చేతుల్లోనే ఉంది. వచ్చేసారి పంచాయితీ కూర్చున్నప్పుడు చదువుకున్న పిల్లలు లేచి ఒక మాట అడగవచ్చు: ఈసారి ఆ డబ్బులో సగం దెబ్బలు తిన్న ఆమె చేతికి, సగం అతన్ని ఎంజీఎంకు తీసుకుపోయేవాడి చార్జీకి ఇద్దామా?