లాభము – లోభము: చమురు వెలలపై ఒక ధర్మవిచారము

కాయకము చేయువాడు దాని ఫలమును పొందుట దోషము కాదు. బసవేశ్వరుని బోధ పనిని పూజగా నిలిపినదే కాని, పనికి తగిన ప్రతిఫలమును నిందింపలేదు. నేతగాడు వస్త్రమునకు, కుమ్మరి కుండకు, వర్తకుడు సరకునకు వెల కట్టుట లోకవ్యవహారము. అయితే న్యాయమైన లాభము ఎచ్చట ముగియును? లోభము ఎచ్చట ఆరంభమగును? ఈ ప్రశ్న అంగడి త్రాసు ముందు ఎంత సత్యమో, వేలకోట్ల రూపాయల వ్యాపారము సాగించు చమురు కంపెనీల ముందును అంతే సత్యము.

హైదరాబాదు పాతబస్తీలో తెల్లవారకమునుపే మీరాలం మండీకి కూరగాయలతో ట్రాలీ ఆటోలు చేరుచుండును. చార్మినారు, శాలిబండ, ఫలక్‌నుమా దారులలో నిత్యము బండి నడిపి పొట్ట పోసికొనువారు అసంఖ్యాకులు. 2022 మే నెల చివరి వారము మొదలు 2024 మార్చి నడిమి వరకు ఈ నగరములో లీటరు పెట్రోలు 109 రూపాయల 66 పైసలు, డీజిలు 97 రూపాయల 82 పైసలుగా కదలక నిలిచినవి. పట్టుచీర వెల పెరిగినచో నూలుచీరతో పెండ్లి గడుపవచ్చును. డీజిలు లేనిదే బండి కదలదు. బండి కదలనిదే ఇంటిలో పొయ్యి వెలుగదు. కొనక తప్పని వస్తువును అమ్మువానికి ధర్మభారము అధికమగుట ఇందువలననే.

లోకములో ఒక సామెత కలదు: ఇల్లు కాలి ఒకడు ఏడ్చుచుండగా మరియొకడు చుట్టకు నిప్పు అడిగెనట. 2022లో ఉక్రెయిను యుద్ధము వలన ముడిచమురు వెల మండినప్పుడు, విదేశీ చమురు సంస్థల నడత కొంత ఇట్లే కనబడెను. ఆ ఒక్క సంవత్సరములో ఎక్సాన్ మోబిల్ సంస్థ లాభము సుమారు 5,600 కోట్ల డాలర్లు, షెల్ సంస్థ లాభము సుమారు 4,000 కోట్ల డాలర్లు. వారు అధికముగా శ్రమించినందున వచ్చిన ధనము కాదది. బావి అదే, గొట్టము అదే, వెల మాత్రమే మారినది. ఆ సంవత్సరము ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ ఇట్టి లాభములు అనైతికములని బహిరంగముగా ఖండించెను. భారత ప్రభుత్వమును 2022 జూలై 1 నుండి దేశీయముగా తీసిన ముడిచమురుపై ప్రత్యేక పన్ను విధించి, 2024 డిసెంబరులో దానిని రద్దుచేసెను.

కాని పాతబస్తీ బంకులో పెట్రోలు పోయు కంపెనీల కథ వేరు. ఇవి ముఖ్యముగా ప్రజల సొత్తు. విదేశీ సంస్థయైన ఎస్సో వ్యాపారము 1974లోను, బర్మా షెల్ వ్యాపారము 1976లోను ప్రభుత్వపరమై, నేటి హిందుస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం సంస్థలకు మూలమైనవి. ఇండియన్ ఆయిల్ వీని సరసన నిలిచిన పెద్ద సంస్థ. 2022 ఏప్రిల్–జూన్ నెలలలో ముడిచమురు పీపా వెల 100 డాలర్లు దాటియుండగా, ఈ మూడు సంస్థలును బంకులలో వెల దానికి తగినంత పెంచక, కలిసి సుమారు 18,500 కోట్ల రూపాయల నష్టము భరించినవి. వంటగ్యాసును తక్కువ ధరకు అమ్మిన నష్టమునకై ఆ అక్టోబరులో ప్రభుత్వము వానికి 22,000 కోట్లు మంజూరు చేసెను. పిదప గాలి మారినది. 2023–24లో భారతదేశము కొను ముడిచమురు సగటు వెల 82 డాలర్ల పైచిలుకునకు దిగెను. ఆ సంవత్సరము మూడు సంస్థల లాభము కలిసి సుమారు 81,000 కోట్లకు చేరెను. మరుసటి సంవత్సరము అదియే సుమారు 33,600 కోట్లకు తగ్గెను.

ఇచ్చట తొందరపడి తీర్పు చెప్పరాదు. లాభపు పుటను మాత్రమే చూచి నష్టపు పుటను చింపివేయుట న్యాయము కాదు. చెడ్డకాలమున కొనుగోలుదారుని భారము మోసినవాడు మంచికాలమున తన నష్టమును పూరించుకొనుట సహజము. దేశము ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటినుండి తెచ్చుకొనునట్టిది; శుద్ధి కర్మాగారములకు మూలధనము కావలెను; రేపటి కరవునకు నేడు గాదె నింపవలెను. ఈ వాదములన్నియు సత్యములే. అంకె పెద్దదైనంత మాత్రమున లాభము పాపము కాదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. దానిని శరణుల చరిత్రలో ఒక పేద ఇల్లాలు అడిగినది. ఆయ్దక్కి మారయ్య కాయకము నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట. ఒకనాడాయన నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. అది చూచి లక్కమ్మ సంతోషింపలేదు. నేటి దాసోహమునకు చాలినంత ఉంచి, మిగిలినది ఎచ్చట దొరికెనో అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను. మారయ్య దొంగతనము చేయలేదు; ఎవరిని మోసగింపలేదు. అయినను అక్కరకు మించినది తమది కాదని ఆమె నిర్ణయము. చమురు కంపెనీని అడుగవలసిన ప్రశ్నయు ఇదియే. “నీవు దొంగిలించితివా?” అని కాదు; “నష్టము తీరిన పిదప మిగిలిన గింజలను ఎచ్చట పోసితివి?” అని.

పెట్రోలు వెలపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూనులోను, డీజిలు వెలపై 2014 అక్టోబరులోను తొలగినది. 2017 జూను నుండి వెలలు దినదినము మారు పద్ధతి వచ్చినది. లోకములో వెల పెరిగిన పెరుగును, తగ్గిన తగ్గును అన్నది జనులకిచ్చిన మాట. నష్టకాలమున వెల నిలిపినప్పుడు జనులు మేలు పొందిరి. లాభకాలమునను నిలిపినప్పుడు, ఎంత నష్టము పూడినది, ఇంకెంత మిగిలినది అను లెక్క బండివానికి ఎవరును చెప్పలేదు. 2024 మార్చి 15న లీటరుకు రెండు రూపాయలు తగ్గినది. అంతకుముందు గడచినది దాదాపు రెండేండ్ల మౌనము. దోషము లాభములో కంటె ఈ మౌనములో అధికము.

ప్రభుత్వమును ఈ లెక్కకు బయట నిలువజాలదు. 2024 మార్చి తగ్గింపు పిదప హైదరాబాదులో లీటరు పెట్రోలు వెల 107 రూపాయల చిల్లరగా ఉండెను. అందులో కేంద్రపు ఎక్సైజు సుంకము, రాష్ట్రపు నూటికి 35.2 వంతు వ్యాట్ కలిసి అప్పుడు దాదాపు 48 రూపాయలుగా ఉండెను. సంస్థల లాభములోను పెద్దభాగము ప్రభుత్వ వాటా. ఆ ధనము బడిగా, ఆసుపత్రిగా తిరిగివచ్చినచో అది దాసోహమే. కాని కారులో తిరుగు ధనికుడును, ట్రాలీ నడుపు పేదయు లీటరుకు ఒకే పన్ను చెల్లించుచున్నారని మరువరాదు. బిజ్జలుని భాండారమును పాలించిన బసవేశ్వరునిపై సొమ్ము వ్యయపరచినాడని నింద వచ్చినప్పుడు, ఆయన కోపింపక లెక్క సరిచూపెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. ప్రజాధనము పట్టుకొన్నవానికి అడుగకమునుపే లెక్క చూపుట ధర్మము.

కావున నిర్ణయమిది: నష్టమును పూడ్చుకొను లాభము న్యాయము, రేపటికై దాచు లాభము, లెక్క చూపినచో, న్యాయము, ఇతరుల నిస్సహాయతపై పెరిగి, లెక్క చూపక, తిరిగి పంచబడక నిలిచిన లాభము లోభము.

ఈ త్రాసు పెద్ద సంస్థలకే కాదు. డీజిలు పెరిగినదని సరకు వెల పెంచిన వర్తకులు, డీజిలు తగ్గిన దినమున ఆ వెలను దించినారా? పెంచునప్పుడు చెప్పిన కారణము తగ్గించునప్పుడును గుర్తుండవలెను గదా! కంపెనీని నిలదీయు గొంతుకు బలము రావలెనన్న, శరణ కుటుంబములు ముందు తమ అంగడి లెక్కను లక్కమ్మ ముందు విప్పి పెట్టవలెను.