బస్సు చార్జీ వాడి చేతికే ఇవ్వు

చిట్టితల్లీ,

తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చి మూడు నెలలైనా మంచం దిగటం లేదని ఫోన్లో ఏడ్చావు. మందులు వేస్తున్నాం, చెవిలో మాటలు తగ్గాయి, అయినా పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు, బద్ధకం పెరిగిపోయింది పెద్దమ్మా అన్నావు. అది బద్ధకం కాదమ్మా. స్కిజోఫ్రెనియాలో అదీ జబ్బే. చెవిలో గొంతుల్ని అణచినట్టు ఈ నిస్తేజాన్ని మాత్రలు అణచలేవు. నలుగురు మనుషులు కావాలి, చేతికో పని కావాలి, పొద్దున్నే లేవటానికి ఒక కారణం కావాలి.

డాక్టరు చెప్పిన డే కేర్ సెంటర్‌కి వాణ్ని పంపండి. అందరికీ తెలిసిపోతుందని మీ అమ్మ భయం. మా చిన్నాన్న విషయంలో మా నాయనమ్మా ఆ మాటే అంది. పెరట్లో కొట్టుగదిలో గొలుసు వేసి ఏళ్ల తరబడి ఉంచారు. మీ అమ్మ అప్పటికి ఉయ్యాల్లో పిల్ల. అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి రావటం నా పని. ఒకరోజు ఆయన, "ఇవాళ ఏ వారం తల్లీ?" అని అడిగాడు. నేను భయపడి పరిగెత్తుకొచ్చేశాను. ఆ ఒక్క ముక్క చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లోంచి తప్పించుకోలేక చనిపోయారని చదివినప్పుడు ఆ గడపే కళ్లముందుకొచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయకూడదంది. అందరి మధ్యా బతకటం జబ్బు మనిషి హక్కని కూడా రాసింది. మనవాడి గదికి గొలుసు లేదు, నిజమే. కానీ వీధి అరుగు మీదికి వచ్చి వాడికి ఎన్నాళ్లయింది?

డే కేర్ సెంటర్‌లో కాగితం సంచులు చేయిస్తారటగా అని తీసిపారేయకు. సంచి ఒక సాకు. వేళకు స్నానం చేసి రావటం, పక్కవాడితో మాట కలపటం, చిల్లర లెక్క చూసుకోవటం, వీటిలో వాడి చెయ్యి మళ్లీ తిరగాలి. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మందితో చేసిన పరిశోధన 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొందరికి ఆసుపత్రి వైద్యంతోపాటు, శిక్షణ పొందిన స్థానికులు ఇంటికే వెళ్లి సాయం చేశారు. ఏడాది తర్వాత జబ్బు లక్షణాల్లో కొద్దిపాటి తేడాయే కనపడింది. రోజువారీ బతుకులో కూడా, ఒక్క ఆసుపత్రి వైద్యమే అందినవాళ్లకంటే వీళ్లు కాస్త మెరుగయ్యారు. నాకు ధైర్యమిచ్చింది ఆ మాటే. జబ్బు పూర్తిగా పోయేదాకా బతుకును ఆపి ఉంచక్కర్లేదు.

మందులు మాత్రం మాన్పించకండి. "నీ ఈడువాళ్లు ఇల్లు కట్టారు" లాంటి దెప్పుళ్లూ వద్దు. ఇంట్లో దెప్పుళ్లు ఎక్కువైతే ఈ జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. వాడు సెంటర్‌కి వెళ్లిన ఆ కాసేపూ మీ అమ్మను కాస్త పడుకోనివ్వు, దాని మొహం చూడలేకపోతున్నాను. ఏ అర్ధరాత్రయినా గాభరాగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

రెండు రోజులు వెళ్లి మూడో రోజు ముసుగు తన్నుతాడు. తన్ననీ, నాలుగో రోజు మళ్లీ లేపు. సోమవారం నేనూ వస్తాను, ముగ్గురం కలిసి వెళ్దాం. ఆ తర్వాత నుంచి బస్సు చార్జీ వాడి చేతికే ఇవ్వు. మిగిలిన చిల్లర అడగకు.

మీ పెద్దమ్మ