క్యారేజీ తేని పిల్లాడు

చి.ల.సౌ. అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు వినపడలేదు. వినపడినంతలో నాకర్థమైంది ఇదీ: ఎదురు ఫ్లాటు వాళ్ల పిల్ల కస్టడీ కేసులో పిల్ల తండ్రి నిన్ను సాక్షిగా వేశాడు, సమన్లు ఇంటికొచ్చాయి. పిల్ల తల్లి "నువ్వు కూడానా అక్కా" అని నీ మొహం మీదే తలుపేసుకుంది. నువ్వేమో తెలిసిన డాక్టరు దగ్గర జ్వరం సర్టిఫికెట్టు తెచ్చుకుంటానంటున్నావు.

తెచ్చుకోకు. ఈ వాయిదాకి జ్వరమొస్తే వచ్చే వాయిదాకి ఏం తెచ్చుకుంటావు? సమన్లు అందుకుని కూడా రాని సాక్షికి కోర్టు వారంటు పంపగలదు, జరిమానా వేయగలదు. అదలా ఉంచు. నువ్వు వెళ్లకపోతే నీ బదులు ఇంకెవరో వెళతారు. ఆ కుటుంబాన్ని లిఫ్టులో రెండుసార్లు చూసి, అన్నీ తెలిసినట్టు చెప్పగలిగినవాళ్లు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటారు.

నేనూ ఒకసారి అలాగే అన్నీ తెలిసినదానిలా చెప్పాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు.

1991లో నేను మూడో తరగతికి పాఠం చెబుతున్నాను. క్లాసులో ఒక పిల్లాడి తల్లిదండ్రులు విడిపోయారు. వాడు తల్లి దగ్గరుండేవాడు, తండ్రి కేసు వేశాడు. మన వైపు అప్పటికి ఫ్యామిలీ కోర్టు లేదు, 1890 నాటి గార్డియన్ల చట్టం కింద జిల్లా కోర్టులో నడిచింది. టీచరమ్మ మాటకి విలువుంటుందని నన్ను పిలిపించారు. బంట్రోతు నా పేరు మూడుసార్లు కేకేసేసరికే నాకు చెమటలు పట్టాయి. బోనెక్కాను. "పిల్లాడు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేవాడా?" అన్నాడు తండ్రి తరఫు ప్లీడరు. "కొన్నాళ్లు తేలేదండీ" అన్నాను. అది నిజమే. ఆ ఏడు సంక్రాంతి సెలవులయ్యాక నాలుగైదు రోజులు, అన్నం బెల్లు కొట్టగానే వాడు గోడవారన చేరి బలపం నాకుతూ కూర్చునేవాడు. నా గిన్నెలోంచి రెండు ముద్దలు పెట్టబోతే "ఆకలి లేదండీ" అనేవాడు.

"అంటే తల్లి పట్టించుకునేది కాదన్నమాట?" అన్నాడాయన.

"అవునండీ" అన్నాను.

అలా నోటికి మాట అందించి అడగకూడదట. అవతలి ప్లీడరు లేచి అడ్డు చెప్పాలి. ఆయన ఆ పూట ఇంకో కోర్టులో ఉన్నాడు. ఆయన జూనియరు కుర్రాడు కాగితాలు సర్దుకుని లేచేలోపే నా నోటి వెంట మాట వచ్చేసింది. జడ్జిగారు స్టెనోకి ఇంగ్లీషులో చెప్పి టైపు కొట్టించారు. అందులో గోడా లేదు, బలపమూ లేదు, తల్లి నిర్లక్ష్యం ఒక్కటే ఉంది. చదవకుండానే సంతకం పెట్టాను. సాయంత్రం మీ పెదనాన్న (ప్లీడరు గుమాస్తా కదా, అన్నీ తెలుసు) విని, "నువ్వు చూసింది ఖాళీ చేతులే కదే, ఆ పిల్లాడి వంటిల్లు చూశావా?" అన్నారు. ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు.

పిల్లాణ్ణి తండ్రికిచ్చారు. అది నా మాట వల్లో, మరెవరి మాట వల్లో తెలీదు. వాడు క్యారేజీ ఎందుకు తెచ్చుకోలేదో మాత్రం నేను వాణ్ణి ఒక్కనాడూ అడగలేదు. తల్లికి ఒంట్లో బాగోలేదేమో, దారిలో ఎవరికైనా పెట్టేసేవాడేమో, నిజంగానే ఆవిడకి పట్టలేదేమో. ఏదైనా కావచ్చు. ఏదో తేల్చుకోకుండానే నేను తీర్పు చెప్పేశాను.

అందుకని ఇప్పుడే కూర్చుని ఒక కాగితం మీద, చూసింది ఒక పక్కా, అనుకున్నది ఇంకో పక్కా రాసుకో. ఆ పిల్ల వారానికి మూడు సాయంత్రాలు మీ ఇంట్లో హోంవర్కు చేసుకునేదన్నావు, అది చూసింది. "తల్లికి ఉద్యోగమే లోకం" అన్నావు, అది నువ్వు చూసింది కాదు, వాళ్లాయన అంటుంటే విన్నది. ఓ రాత్రి పళ్లెం విసిరిన చప్పుడైందన్నావు. చప్పుడు నిజమే, విసిరిన చెయ్యి ఎవరిదో నీకు తెలీదు. తేదీలు గుర్తులేకపోతే లేవనే చెప్పు. "తెలీదండీ", "నేను చూడలేదండీ" అనడానికి సిగ్గుపడకు. నాకు ఆ రెండు మాటలూ ఆ రోజు నోట రాలేదు.

ఇంత చాదస్తంగా చెప్పడానికి ఇంకో కారణముంది. మామూలు కోర్టుల్లో ఒకరు చెప్పగా విన్నది సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టం పోయి 2024 జూలైలో కొత్తది వచ్చినా ఆ పద్ధతి పోలేదు. కానీ నువ్వు వెళ్లే ఫ్యామిలీ కోర్టుకి 1984 చట్టం వెసులుబాటిచ్చింది. గొడవ తేల్చడానికి పనికొస్తుందనుకుంటే, మామూలుగా చెల్లని మాటనైనా జడ్జిగారు తీసుకోవచ్చు. అక్కడ జల్లెడ కన్నాలు పెద్దవి. కాబట్టి రాళ్లు ముందే నువ్వే ఏరుకుని వెళ్లాలి.

పిల్లకి ఆరు నిండాయన్నావు కదా. ఐదేళ్లలోపైతే మామూలుగా తల్లి దగ్గరే ఉంచాలంటుంది 1956 చట్టం. ఆ వయసు దాటింది కనకే ఇద్దరూ నీలాంటి వాళ్ల కోసం వెతుక్కుంటున్నారు. ఏ వయసు పిల్లలకైనా వాళ్ల బాగోగులే అన్నిటికన్నా ముందని అదే చట్టం అంటుంది. మొగుడూ పెళ్లాల్లో ఎవరు మంచివాళ్లో చెప్పమని నిన్నెవరూ పిలవలేదు. అడిగినా, ఆ లెక్క నీ దగ్గర లేదు.

క్రాసులో తల్లి తరఫు ప్లీడరు, "అతనికి మేలు చేయాలని అబద్ధం చెబుతున్నారంటాను" అంటాడు. గుండె గుభేలుమంటుంది. ఏం పట్టించుకోకు, అది అందరు సాక్షులకీ చదివే మంత్రమే. "కాదండీ" అని ఊరుకో. సంతకానికి ముందు మాత్రం, టైపు చేసింది తెలుగులో చెప్పమని అడుగు. నీకు ఇంగ్లీషు వచ్చు, నిజమే, అయినా అడుగు. ఆ ఇంగ్లీషు నీ ఆఫీసు ఇంగ్లీషు కాదు.

బత్తా కోర్టు ద్వారా ఇస్తే తీసుకో. పిల్ల తండ్రి కారు పంపిస్తానంటే మాత్రం వద్దను, ఆటో ఎక్కి వెళ్లు. "ఏం లేదు, రెండు ముక్కలు ఇలా చెబితే చాలు" అని రాసిస్తే ఆ కాగితం ముట్టుకోకు. వాళ్లిద్దరికీ విడివిడిగా ఒకే మాట చెప్పు: నేను చూసినదాంట్లో మీకు పనికొచ్చేదీ ఉంది, పనికిరానిదీ ఉంది, ఎవరడిగినా అంతా చెబుతాను. ఇద్దరికీ చెడ్డదానివవుతావు. అవు. ఆ స్నేహం మళ్లీ మునుపటిలా ఉంటుందని నేను నీకు కబుర్లు చెప్పను.

పిల్ల ఇంకా మీ ఇంటికి వస్తోందా? వస్తే ఎవరి దగ్గర బాగుందని పొరపాటున కూడా అడగకు. అది అడిగేవాళ్లు అడుగుతారు. కొరియరులో జంతికలు పంపిస్తున్నాను, కారం తక్కువే వేశాను. సగం దానికి పెట్టు.

ఇట్లు,
పెద్దమ్మ