పొయ్యియొద్ద దైవసాన్నిధ్యము

దైవారాధనమునకు నియతకాల మొకటి యుండుట మేలే. కాని యా గడియ గడచినతోడనే దేవుఁడు మనలను విడిచి తొలఁగునా? ఆదివారమున దేవాలయమందుఁ గీర్తనలు పాడి, యింటికి వచ్చినంతనే పనివానిపై నుఱుము క్రైస్తవుఁడు, తొలఁగునని తానెఱుఁగకయే యొప్పుకొనుచున్నాఁడు. 17వ శతాబ్దమున నొక వంటవాఁడు ఈ ప్రశ్నకుఁ దన జీవితముచేతనే యుత్తరము చెప్పెను.

ఫ్రాన్సు దేశీయుఁడగు నికొలా హెర్మన్ మొదట సైనికుఁడు; యుద్ధమున గాయపడినవాఁడు. పిమ్మటఁ బారిసు నగరమందలి కార్మెలు మఠమునఁ జేరి లారెన్సు సోదరుఁడను పేరు వహించెను. మఠమువా రతనికి వంటపని నొసఁగిరి. అది యతనికి స్వభావముచే రుచింపనిది. అయినను బదునైదేండ్లు దానినే చేయుచు, లోలోపల దేవునితో సంభాషించుట నభ్యసించెను. ఈ యభ్యాసము సులభముగా నలవడలేదు. తొలుతఁ బెక్కేండ్లు మనోవేదన పడెను. తప్పు జరిగినపుడు దానిని దేవునియెదుట నొప్పుకొని, యంతటితో దిగులు విడిచి, మరలఁ బనికిఁ బూనుకొనెడివాఁడు. మా యభిప్రాయమున నతని సాధనలోఁ గఠినమైన భాగ మిదియే. ఏలయన, పశ్చాత్తాపమును బెంచుకొనుటయే భక్తి యని భ్రమించువారు పెక్కండ్రు.

"పనియే ప్రార్థనమైనచో వేఱు ప్రార్థన మేల?" అను మాటయుఁ దఱచుగా వినఁబడును. ఇట్లనువారు ప్రార్థనము మానినవారే కాని గిన్నెలు తోమినవారు కారు! లారెన్సు మఠనియమము ననుసరించి ప్రార్థనకుఁ బోయెడివాఁడు. ఆ సమయమునకును బనివేళకును నడుమ గోడ లేకుండఁ జేసికొనుటయే యతని యత్నము.

కడపటి కాలమునఁ గాలినొప్పిచే వంటపని చేయలేక చెప్పులు బాగుచేయుపని పూనెను. 1691లో గతించువఱకు సాధన మాత్రము మాఱలేదు.