తాతగారి రివాల్వరు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఏదో పాత ఇంటి పెట్టెలో తాతగారి వెబ్లీ రివాల్వరు బయటపడిందనుకుందాం. గొట్టాన్ని కిందికి వంచి తూటాలు నింపే తీరు, బర్మింగ్‌హామ్ పరీక్షా ముద్రలు, వరుస సంఖ్య చూసి దాన్ని గుర్తించవచ్చు. తుప్పు పట్టకుండా నూనె పూయవచ్చు. కాని అది ఎవరి అనుమతితో ఆ ఇంటికి చేరిందో ఇనుము చెప్పదు.

ఈ సీమలోనే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీపై తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. తరువాత 1878 ఆయుధాల చట్టం కింద యూరోపియన్లకు మినహాయింపు దక్కింది. సామాన్య భారతీయుడికి లైసెన్సు తప్పనిసరయింది. కనుక ఆనాటి లైసెన్సు తిరుగుబాటుకు గుర్తు కాదు, సర్కారు నమ్మకానికి రశీదు. తాతగారి శౌర్యమని మురిసిపోయే మనవడు ఇది మరువరాదు.

అయితే కరిగించి పారేద్దామా? కూడదు, సాక్ష్యం మాయమైతే లాభం పెత్తందారుకే. 1959 ఆయుధాల చట్టం, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాన్ని మినహాయించింది. పేలేదానికి నేటికీ లైసెన్సు కావాలి. చట్టప్రకారం దాన్ని భద్రపరచండి. పక్కనే ఆ పాత లైసెన్సు కాగితాన్నీ ఉంచండి. కాగితం లేని రివాల్వరు వంశగౌరవాన్నే చాటుతుంది. కాగితంతో కలిస్తే చరిత్ర చెబుతుంది.